ఎనిమిదో అర్థం

1934 నవంబరు పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నది మీంచి లేచిన పొగమంచు కాలేజీ గోపురాల నడుం దాకా కమ్ముకుని ఉంది. గాలి లేదు. మా నిఘంటు కార్యాలయం గుమ్మం పక్కన మేకుకు తగిలించిన ఉష్ణమాపకం ఫారెన్‌హీట్‌లో ముప్పై తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. సరిగ్గా ఆ సమయాన మిసెస్ మ్యూరియెల్ థర్ల్‌బీ కొత్త టోపీ పెట్టుకుని, దాన్ని భర్తకు చూపించడానికి మా గదిలోకి వచ్చింది. పొగమంచు లేకపోయి ఉంటే ఆవిడ ఆ టోపీతో పెద్ద వీధి పొడుగునా నడిచి, ఎదురుపడ్డ నలుగురి చేతా బాగుందనిపించుకుని, తృప్తిగా ఇంటికి వెళ్ళిపోయేది. పక్క మనిషి కూడా ఆనని రోజున వీధిలో టోపీ పెట్టుకుని ప్రయోజనం లేదు కనక మా దగ్గరికి వచ్చింది. తరవాత జరిగినదంతా ఆ రాకలోంచి పుట్టినదే.

ఆవిడ భర్త డాక్టర్ ఆంబ్రోజ్ థర్ల్‌బీ మా ప్రధాన సంపాదకుడు. ఇంగ్లీషు భాషలోని ప్రతి మాటకూ పుట్టిన తేదీ మొదలు ఇప్పటి నడవడిక దాకా లెక్క తేల్చే పనిని ఆయన ముప్పై ఏళ్ళ కిందట తలకెత్తుకున్నాడు. అప్పటికి ఏ, బీ అక్షరాల సంపుటాలు వెలువడ్డాయి. సీ సంపుటం నడుస్తోంది. గదిలో ఆయన మేజా నిప్పుగూటికి దగ్గరగా ఉండేది. గోడ వారగా ఉన్న మేజా మిస్ హెస్టర్ పినాక్‌ది. నాది కిటికీ పక్కన. అప్పటికి నేను పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరి రెండేళ్ళు.

"ఆంబ్రోజ్, చూడు. ఎలా ఉంది?" అంది మిసెస్ థర్ల్‌బీ.

డాక్టర్ థర్ల్‌బీ తల ఎత్తలేదు. "ఏది ఎలా ఉంది?"

"నా నెత్తి మీద ఉన్నది. కళ్ళజోడు పెట్టుకున్నది చూడడానికేగా?"

ఊదారంగు వెల్వెట్టుతో చేసిన చిన్న పళ్ళెం లాంటిది ఆవిడ ఎడమ చెవి మీదికి ఒరిగి ఉంది. దాని మీద ఏదో పక్షి తాలూకు వెనక భాగం మాత్రం వాలి ఉంది. ముందు భాగం ఏమైందో తెలియదు.

"మదాం క్లోటిల్డ్ క్రియేషన్ ఇది. లండన్‌లో ఇలాంటిది ఇంకోటి లేదు," అంది.

డాక్టర్ థర్ల్‌బీ కలం కింద పెట్టాడు. "మదాం క్లోటిల్డ్‌ది లెస్టర్ ఊరు. ఆవిడ పేరు క్లారా బగ్. ఆవిడ చేసింది టోపీ. దాన్ని టోపీ అను. క్రియేషన్ అంటే ఏమిటో తెలుసా నీకు? ఏమీ లేని చోట దేవుడు లోకాన్ని పుట్టించడం."

"ఇదీ ఏమీ లేని చోటి నుంచే పుట్టింది. పట్టుకు చూడు, చేతిలో ఏమన్నా ఉన్నట్టుందా?"

"మ్యూరియెల్, నువ్వు చెప్పే అర్థం ఇంగ్లీషులో లేదు."

"ఉంది డాక్టర్ గారూ," అంది మిస్ పినాక్ గోడవైపు నుంచి. "ఎనిమిదోది. చిత్తుప్రతిలో పెట్టాను."

ఆమె ఆ మాట గెలవాలని అనలేదు. మా గదిలో తప్పు తేదీ ఎవరి నోటి నుంచి వచ్చినా సరిదిద్దడం, పక్కవాడి అంగీ మీద సుద్దపొడి దులిపినంత మామూలు. కానీ ఆ వేళ గదిలో ఆయన భార్య ఉంది. భార్య ఎదట సరిదిద్దించుకోవడం ఆయనకు అలవాటు లేదు.

"అయితే నా టోపీ ఇంగ్లీషేనన్నమాట!" అని మిసెస్ థర్ల్‌బీ చాలా సంతోషపడి, పొగమంచులోకి వెళ్ళిపోయింది.

ఆ మాట తాలూకు వివరణను మిస్ పినాక్ నాలుగు నెలలుగా దిద్దుతూ ఉంది. క్రియేషన్ అనే ఆ ఒక్క మాట మీద ఎంతమంది చెయ్యి వేశారో, ఒక్కో వాడుకను కత్తిరించి అంటించిన ఆ చీటీలు చూస్తే తెలిసేది. మొదట మతాచార్యులు దాన్ని దేవుడి చేతిలో పెట్టారు. ఆ తరవాత రాజు ఒక మనిషిని పట్టి ప్రభువుగా మార్చడాన్ని కూడా అదే మాటతో పిలిచారు. మనిషిని మట్టిలోంచి చెయ్యడానికీ, ప్రభువును బిస్కెట్ల వ్యాపారిలోంచి చెయ్యడానికీ భాషకు తేడా కనిపించలేదు. కళ్ళకు ఆనే లోకమంతా క్రియేషన్ అయింది. నాటకాల వాళ్ళు ఒక వేషం మొదట ఎవరు కడితే ఆ వేషం వాళ్ళ క్రియేషన్ అన్నారు. బ్యాంకుల వాళ్ళు తమ దగ్గర లేని డబ్బును అప్పిచ్చి, దానికీ దేవుడి మాటే వాడారు. నా ఉద్దేశంలో అసలు అర్థానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చినవాళ్ళు వాళ్ళే. అన్నిటికీ చివర, ఎనిమిదో చోట, టోపీ.

మిస్ పినాక్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు యాభై ఒకటో ఏడు. ఆ గదిలో పంతొమ్మిదేళ్ళ నుంచి పని చేస్తోంది. మా విశ్వవిద్యాలయంలోనే పరీక్షలన్నీ రాసి మొదటి తరగతిలో నెగ్గింది. ఆమె కాలంలో ఆడవాళ్ళకు పరీక్ష పెట్టేవారు గాని పట్టా ఇచ్చేవారు కాదు. ఏ, బీ సంపుటాలలో సగానికి పైగా ఆమె రాసినదే. వాటి ముఖపత్రం మీద ఉన్నది డాక్టర్ థర్ల్‌బీ పేరు ఒక్కటే. చెల్లెలి పిల్లలు ఆమెను టైపిస్టు అనుకునేవారు; ఆమె కాదని చెప్పినా వాళ్ళకు చూపించడానికి ఆధారం లేదు. ఆ ఏడు మే నెలలో కార్యనిర్వాహక సంఘం ఒక మాట ఇచ్చింది: సీ సంపుటం ముఖపత్రం మీద డాక్టర్ థర్ల్‌బీ పేరు కింద సహసంపాదకురాలిగా ఆమె పేరు కూడా వేయవచ్చు, ఆమె విచక్షణ మీద ప్రధాన సంపాదకుడికి ఆక్షేపణ లేకపోతే. నిర్ణయం డిసెంబరు సమావేశంలో. పన్నెండో తేదీ ఉదయం తొమ్మిదీ పంతొమ్మిది దాకా ఆయనకు ఆక్షేపణ ఏమీ లేదు.

భార్య వెళ్ళగానే ఆయన మిస్ పినాక్ మేజా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సాక్ష్యాలు చూపించండి."

ఆమె రెండు చీటీలు తీసి ఇచ్చింది. ఒకటి లండన్ బట్టల దుకాణం ప్రకటన. రెండోది ఒక వారపత్రికలో ఆడవాళ్ళ పేజీ.

మా కార్యాలయపు నియమాలు ప్రతి మేజాకు ఎదురుగా అచ్చువేసి తగిలించి ఉండేవి. అన్నీ డాక్టర్ థర్ల్‌బీ స్వయంగా రాసినవే. అర్థం ఏదైనా నిఘంటువుకు ఎక్కాలంటే మూడు వేరువేరు ప్రచురణల్లోంచి మూడు సాక్ష్యాలు ఉండాలి. వాటిలో ఒకటైనా విద్యావంతుడి గంభీర రచన అయి ఉండాలి. నోటి మాట సాక్ష్యం కాదు. అచ్చులో కనిపించనిది మా దృష్టిలో లేనట్టే. ఆయన భార్య పాతికేళ్ళుగా రుతువుకొక క్రియేషన్ చొప్పున ఇంటికి తెచ్చి, ఆ మాటను ఆయన చెవిలోనే పలుకుతూ ఉన్నా, ఆయన మనస్ఫూర్తిగా అలాంటి వాడుక లేదని చెప్పగలిగాడంటే కారణం అదే. ఆయన అబద్ధమాడలేదు. ఆవిడ అచ్చు కాలేదు.

"మూడోది ఏది?" అన్నాడు.

"వెదుకుతున్నాను."

"వెదుకుతూనే చిత్తుప్రతిలోకి ఎక్కించారా?"

"వాడుక ఉందని అందరికీ తెలుసు డాక్టర్ గారూ. ఇప్పుడే గుమ్మం దాటి వెళ్ళింది."

"నా భార్యను చీటీ మీద రాస్తారా మీరు?"

"రాయలేను. అచ్చు కావాలిగా," అంది మిస్ పినాక్.

నాకు నవ్వు వచ్చి కిటికీ వైపు తిరిగాను. ఆయన చూశాడు.

"సాక్ష్యం చాలని అర్థాన్ని ఎక్కించడం విచక్షణ లోపం. సంఘానికి నేను చెప్పక తప్పదు. డిసెంబరు పద్నాలుగు లోపల మూడోది తెచ్చారా, సరే. లేదంటే ఆ అర్థమూ పోతుంది, ముఖపత్రం మాటా పోతుంది."

ఆయన దుర్మార్గుడు కాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పనిని మెచ్చుకుంటూనే ఉన్నాడు, గదిలో. గది బయట మెచ్చుకోవలసి వస్తుందనేసరికి ఆయనకు ఒక టోపీ అడ్డం దొరికింది.

ఇంతవరకూ అయితే మిస్ పినాక్ ఓడిపోయేదే. రోజూ సాయంత్రం ఆమె పాత పత్రికల కట్టలు ముందు వేసుకుని కూర్చునేది. దుకాణాల ప్రకటనలు కొల్లలుగా దొరికాయి. ఆడవాళ్ళ పేజీలు దొరికాయి. విద్యావంతులు టోపీల గురించి గంభీరంగా రాయరు, అదే చిక్కు. కానీ మిసెస్ థర్ల్‌బీ ఆ వారం కాలేజీ అధ్యక్షుడి భార్యతో టీ తాగుతూ, "మా ఆయన నా టోపీని ఇంగ్లీషు భాషలోంచి వెళ్ళగొట్టాడు," అంది. అధ్యక్షుడి భార్య రాత్రికి అధ్యక్షుడితో అంది. మర్నాడు భోజనాల దగ్గర ఆచార్యుల బల్ల చుట్టూ కూర్చున్న పండితులందరూ డాక్టర్ థర్ల్‌బీని చూసి, ఉప్పు అందించమని అడగడానికి బదులు, ఆ ఉప్పు క్రియేషన్‌ని ఇలా అందించమని అడిగారు. పుడ్డింగు వచ్చినప్పుడు ఒకాయన లేచి నిలబడి వంటవాడి క్రియేషన్‌కు నమస్కారం పెట్టాడట. డాక్టర్ థర్ల్‌బీ పుడ్డింగు ముట్టకుండా ఇంటికి వెళ్ళి, లండన్‌లో మా వర్గం వాళ్ళందరూ చదివే దినపత్రికకు ఒక లేఖ రాశాడు.

అది నవంబరు ఇరవై రెండున వచ్చింది. పొద్దున్నే పత్రికలు పంచుకుని, కత్తెర పట్టుకుని చదవడం మా గదిలో అలవాటు. కొత్త వాడుక ఏది కనిపించినా అక్కడికక్కడే కత్తిరించి చీటీకి అంటించాలి. ఆ పత్రిక ఆ వారం నా వంతు. ఐదో పేజీ, మూడో కాలమ్. చదివాను. మళ్ళీ చదివాను. తరవాత మిస్ పినాక్ వైపు చూశాను.

"ఏమిటి మిస్ ఆర్డెన్?"

"మీరే చూడండి."

లేఖ నిజంగా బాగుంది. కోపం ఆయన వచనానికి మేలు చేసింది. "ఆదిలో దేవుడికి ఆరు రోజులు పట్టింది. బాండ్ స్ట్రీట్ టోపీల దుకాణాలకు ఒక మధ్యాహ్నం చాలు. మొన్న ఒక క్రియేషన్ నా ఇంటి ద్వారంలో పట్టక పక్కకు తిరిగి లోపలికి వచ్చింది. చర్చిలో వెనక వరసలో కూర్చున్న పాపానికి ప్రతి ఆదివారం ప్రసంగానికి బదులు మూడు క్రియేషన్లను ధ్యానిస్తున్నాను. వర్షం వస్తే దేవుడి క్రియేషన్ పచ్చబడుతుంది, క్లోటిల్డుల క్రియేషన్ రంగు వెలిసి మెడ మీదికి కారుతుంది." ఇలాగే కాలమ్ సగం దాకా. ఆ మాటను టోపీ అనే అర్థంలో తొమ్మిదిసార్లు వాడాడు. ఎక్కడా కొటేషను గుర్తులు పెట్టలేదు. కింద పేరు, పట్టాలు, కాలేజీ.

మిస్ పినాక్ చదవడం ముగించి, పత్రిక నా చేతికి తిరిగి ఇచ్చింది.

"కత్తిరించండి."

"డాక్టర్ గారిది..."

"తేదీ, పేజీ, కాలమ్ వెయ్యండి. ఇంటిపేరు ముందు రాయడం మరిచిపోకండి. ద్వారం వాక్యం తీసుకుందాం, అర్థం అందులో బాగా తెలుస్తోంది."

కత్తెర చప్పుడుకు డాక్టర్ థర్ల్‌బీ తల ఎత్తాడు. ఆ ఉదయం ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. ఇద్దరు ప్రొఫెసర్లూ ఒక న్యాయమూర్తీ దారిలో ఆపి అభినందించారట.

"చదివారా?" అన్నాడు.

"చదివాను డాక్టర్ గారూ," అని మిస్ పినాక్ లేచి వెళ్ళి, చీటీని ఆయన ముందు పెట్టింది. "మూడోది దొరికింది."

ఆయన చీటీని చూశాడు. మొదట అర్థం కాలేదు. తరవాత మెడ మీంచి చెవుల దాకా ఎరుపెక్కింది.

"ఇది ఖండన! నేను దీన్ని తిడుతున్నాను!"

"తొమ్మిదో నియమం," అంది ఆమె.

తొమ్మిదో నియమం గోడ మీదే ఉంది: ఒక వాడుకను ఖండించడానికి రాసిన వాక్యం కూడా ఆ వాడుకకు సాక్ష్యమే. పదేళ్ళ కిందట ఒక బిషప్ ఏదో కొత్త మాటను తిడుతూ కరపత్రం వేసి, తన పేరు ఆ మాట కింద ఉదాహరించవద్దని మొరపెట్టుకున్నప్పుడు డాక్టర్ థర్ల్‌బీ ఎంతో ఆనందంగా రాసిన నియమం అది.

"అది బిషప్ కోసం పెట్టింది."

"బిషప్పులకు మాత్రమే అని లేదు."

"నేను లేఖను ఉపసంహరించుకుంటాను."

"అచ్చయిపోయింది కదండీ."

"మిస్ పినాక్, ఇది పరిహాసం. వేడుకకు రాసింది. గంభీర రచన కాదు."

"అలాగా," అంది ఆమె మెల్లగా. "అయితే చీటీ వెనక ఆ మాట రాసి సంతకం పెట్టండి. రచయిత స్వయంగా గంభీరం కాదన్నాడని. చించేస్తాను."

ఆయన కలం అందుకున్నాడు. అదే సమయానికి తపాలా వచ్చింది. పైనున్న కవరులో ఎడిన్‌బరో నుంచి ఒక పండితుడు, ఇంత గంభీరమైన భాషారక్షణ తాను ఈ తరంలో ఎరగనని రాశాడు. డాక్టర్ థర్ల్‌బీ ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాడు. కలం కింద పెట్టేశాడు. చీటీ మేజా మీదే ఉంది. సాయంత్రం దాన్ని మిస్ పినాక్ తీసుకెళ్ళి అరలో పెట్టింది.

ఇక చిక్కు తీరిందని నేను అనుకున్నాను. నిబంధన మూడో సాక్ష్యం. అది దొరికింది. కానీ డిసెంబరు పద్నాలుగున సంఘం ముందుకు వెళ్ళినప్పుడు కొత్త సంగతి తేలింది: మాట ఇచ్చిన వాళ్ళకు ఇచ్చినట్టు గుర్తు లేదు.

సంఘంలో ముగ్గురు. చర్చి డీను ఒకరు. భోజనం తరవాత సమావేశం కనక ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముద్రాపకుడు ఒకరు, ఆయన అధ్యక్షుడు ఎటు చూస్తే అటు చూసేవాడు. ఆ సంఘాధ్యక్షుడు లార్డ్ క్లెగ్. ఉత్తరాదిన క్లెగ్ బిస్కెట్లు చేసే క్లెగ్. మూడేళ్ళ కిందట రాజు ఆయనకు బారన్ బిరుదిచ్చి ప్రభువును చేశాడు. నిఘంటువు ఖర్చు చాలావరకు ఆయన భరించేవాడు. బిస్కెట్లు తిన్న దేశం తన పేరు మరిచిపోయినా నిఘంటువు చదివిన దేశం మరవదని ఆయన ఆశ. ఆ రోజు మిస్ పినాక్‌ను కూడా పిలిచారు; నేను మినిట్సు రాయడానికి కూర్చున్నాను.

డాక్టర్ థర్ల్‌బీ లేచి, ఎనిమిదో అర్థం గురించి తన ఆక్షేపణ వినిపించి, సాక్ష్యాలు అసంపూర్తిగా ఉండేవని, ఇప్పుడు, అంటే, ఒక విధంగా పూర్తి అయ్యాయని చెప్పి కూర్చున్నాడు. మూడో సాక్ష్యం ఎవరిదో చెప్పలేదు. ప్రూఫు తన ముందే ఉంది కనక లార్డ్ క్లెగ్ చదువుకున్నాడు.

"థర్ల్‌బీ! ఇది నువ్వేనా? టోపీల కింద?"

"నేనే, ప్రభువుగారూ."

"బాగా పట్టావయ్యా! నీ నిఘంటువులో నువ్వే ఎక్కావు. నా సంగతి ఎక్కడ?" పేజీ పైకి వెళ్ళి వెదికాడు. "రాజు బిరుదు ఇవ్వడం... ఇదిగో. రెండో అర్థం. పర్వాలేదు, దేవుడి కిందే ఉన్నాం. ఈ వాక్యాలన్నీ ఎవరివి? నాలుగువందల ఏళ్ళ కిందటి వాళ్ళవి. బతికున్నవాళ్ళవి ఒక్కటీ లేదే!"

"ఆ అర్థానికి చాలినన్ని ఉన్నాయి ప్రభువుగారూ," అంది మిస్ పినాక్. "కొత్త వాక్యం కొత్త సంగతి చూపిస్తేనే వేస్తాం."

"టోపీకి థర్ల్‌బీ ఉండగా లేనిది, బారన్‌కి బారన్ ఉంటే తప్పేమిటమ్మా? నేను ప్రభువుల సభలో మొదటి ప్రసంగం చేశాను. ప్రభుత్వం వాళ్ళు అచ్చు వేశారు. జేబులోనే ఉంది." నిజంగానే జేబులో ఉంది. మడతలు విప్పాడు. "మీ పేరేదో ముందు పేజీ మీద వెయ్యాలంటున్నారు కదా. నాకేం అభ్యంతరం లేదు. నా వాక్యం లోపల, మీ పేరు బయట. ఏమంటారు?"

మిస్ పినాక్ ఆ మడతల కాగితం వైపు చూసింది. ఆమె ముఖం తెల్లగా అయింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఎవరి కోసమూ ఒక్క వాక్యం కూడా వెయ్యలేదని నాకు తెలుసు. ఒక వాక్యం వెయ్యనన్నందుకు ఒక కవి ఆమెతో మాట్లాడడం మానేశాడు కూడా. వద్దంటుందనుకున్నాను. డాక్టర్ థర్ల్‌బీ కూడా అలాగే అనుకున్నాడు. ఆయన ముఖంలో భయమో ఆశో చెప్పలేను.

"ప్రసంగం ఒకసారి ఇలా ఇవ్వండి," అంది.

తీసుకుని చదివింది. వేలు ఒక చోట ఆగింది. పైకి చదివింది: "ఈ మహాసభలో నావంటి కొత్త క్రియేషన్లు నోరు మూసుకుని కూర్చోవడమే మర్యాద అని నాకు తెలియును."

"అదే! బాగుంది కదూ?" అన్నాడు లార్డ్ క్లెగ్. "నవ్వారు కూడా."

ఆయన చెప్పదలచుకున్నది కొత్తగా ప్రభువులైన మనుషులని. ఆ మాట ఇంగ్లీషులో రాజు చేసే పనికి చెల్లుతుంది, ఆ పని వల్ల తయారైన బిస్కెట్ల ఆసామికి చెల్లదు. ఈయన తనను తాను రాజుగారి టోపీగా చెప్పుకున్నాడు. మా అరల్లో ఉన్న వేల చీటీల్లో అలాంటి వాడుక మరొకటి లేదు.

"ఇది వెయ్యవచ్చు," అంది మిస్ పినాక్. ఆమె గొంతులో శాస్త్రజ్ఞానం తప్ప మరేమీ లేదు. "ఇది నిజంగా కొత్తది. ఎవరూ ఇదివరకు వాడలేదు."

"చూశావా థర్ల్‌బీ? ఎవరూ వాడలేదట!"

"కాకపోతే నియమం ప్రకారం ముందు ఒక గుర్తు పడుతుంది."

"గుర్తా? ఎలాంటిది?"

ఆమె ప్రూఫు అంచున పెన్సిలుతో వేసి చూపించింది. పక్కపక్కనే నిక్కబొడుచుకున్న రెండు చిన్న నల్లని మొనలు. పీఠికలో పద్నాలుగో పేజీన దాని వివరం ఉంటుంది: రచయిత అజ్ఞానం వల్ల ఏర్పడిన వాడుక, ఒక్క సాక్ష్యం చాలు. మా గదిలో దాన్ని గాడిద చెవులు అనేవాళ్ళం.

లార్డ్ క్లెగ్ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. "కిరీటంలా ఉందే. అందరికీ ఉంటుందా ఇది?"

"లేదు ప్రభువుగారూ. సంపుటం మొత్తంలో చాలా తక్కువమందికి. వివరం పీఠికలో ఉంది, చూడవచ్చు."

"పీఠికలు నేను చదవను. థర్ల్‌బీకి ఉందా?"

"ఆయన వాక్యానికి అవసరం రాలేదు."

"పాపం," అన్నాడు లార్డ్ క్లెగ్, నిజమైన జాలితో.

గదిలో ఆ గుర్తు అర్థం తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను కలం వైపు చూస్తున్నాను. మిస్ పినాక్ డాక్టర్ థర్ల్‌బీ వైపు చూస్తోంది. ఆయన ఒక్క మాట అంటే చాలు, సమావేశమూ ఆమె పేరూ అక్కడితో సరి. ఆయనకు నోరు తెరవడానికి కారణాలన్నీ ఉన్నాయి: టోపీ, భార్య, కత్తిరించిన లేఖ. అయితే ఆ ప్రూఫులో ఒకే పేజీన ఆయన వాక్యమూ ఆ ప్రభువు వాక్యమూ ఉన్నాయి. ఒకదానికి చెవులు లేవు, ఒకదానికి ఉన్నాయి. మూడు వారాల్లో మొదటిసారిగా ఆయన ముఖం వికసించింది.

"ఆ గుర్తుకు నేను తగనండీ, లార్డ్ క్లెగ్," అన్నాడు. "అది మీకే ఉండాలి."

"పెద్ద మనసు నీది," అన్నాడు లార్డ్ క్లెగ్. "మరి ఈవిడ పేరు సంగతి?"

"నాకు ఆక్షేపణ లేదు."

డీను కళ్ళు తెరిచి అంగీకారం అన్నాడు. ముద్రాపకుడు అంగీకారమే అన్నాడు. నేను మినిట్సులో రాశాను.

మిస్ పినాక్ ఆ రోజు చేసింది బేరమేనా అని తరవాత చాలాకాలం ఆలోచించాను. వాక్యం వెయ్యదగినది, గుర్తు పెట్టదగినది, వివరం అడిగినవాడికి చూడమని చెప్పింది. నియమాల్లో ఏదీ తప్పలేదు. అయినా పేరు ఇస్తామనకపోతే ఆమె ఆ ప్రసంగం చేతిలోకి తీసుకునేదా? సమావేశం అయ్యాక ఆమె ప్రూఫు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. తరవాత గదికి వెళ్ళి క్రియేటర్ అనే మాట ఎత్తుకుంది.

సీ సంపుటం 1936 మేలో వచ్చింది. ముఖపత్రం మీద రెండు పేర్లు ఉన్నాయి. లార్డ్ క్లెగ్ ఆ ఒక్క పేజీని పెద్దదిగా అచ్చు వేయించి, చట్రం కట్టించి, బిస్కెట్ల కర్మాగారం ద్వారం దగ్గర పెట్టించాడు. తన బండి తలుపు మీద ఆ రెండు నల్ల మొనలను బంగారు రంగుతో వేయించాడు. ఆయన విందులకు వచ్చేవాళ్ళలో నిఘంటువు గలవాళ్ళు ఎవరైనా పీఠిక తెరిచి ఉంటారు గాని, ఖర్చులు ఆయనవి కనక ఎవరూ నోరు విప్పలేదు. మిసెస్ థర్ల్‌బీ ఎనిమిదో అర్థాన్ని అతిథులకు పైకి చదివి వినిపించేది. ఆ తరవాత ఆ ఇంట్లో ఏ టోపీ మీదా చర్చ జరగలేదని, అచ్చయిన మొగుడితో వాదించనక్కరలేదని ఆవిడే నాతో అంది.

మిస్ పినాక్ ఆ సంపుటం ఒకటి చెల్లెలి పిల్లలకు పంపింది. వాళ్ళు థాంక్స్ చెబుతూ కార్డు రాశారు; అందులో ముఖపత్రం ఊసు లేదు.

1951లో, కాగితం కొరత ఇంకా తీరని రోజుల్లో, అప్పటిదాకా వచ్చిన సంపుటాలన్నిటినీ కుదించి ఒకే పుస్తకంగా వేశారు. చోటు చాలక ముఖపత్రం మీంచి సంపాదకుల పేర్లు రెండూ తీసేసి, ముద్రణ ఖర్చు భరించిన క్లెగ్ బిస్కెట్ల కంపెనీ పేరు వేశారు.